అన్నీ గ్యాసే కాదు

మా ఇంట్లో ఎవరికి ఏమొచ్చినా మొదటి డయాగ్నసిస్ ఒకటే: గ్యాస్. ఛాతీలో మంటైనా గ్యాసే, తల తిరిగినా గ్యాసే. రెండోది టెన్షన్. ఆడవాళ్లకైతే మూడోది కూడా ఉంది, "ఆ వయసు". మా పిన్నికి వరసగా ఈ మూడూ అంటగట్టారు. అసలు పేరు తెలియడానికి రెండేళ్లు పట్టింది: న్యూరోఎండోక్రైన్ ట్యూమర్.

పేరు వినగానే మెదడులో గడ్డేమో అనుకున్నాను. 2018 మార్చిలో ఇర్ఫాన్ ఖాన్ (మన 'సైనికుడు'లో కూడా ఉన్నాడు) తనకీ జబ్బు ఉందని చెప్పినప్పుడు, న్యూరో అంటే ప్రతిసారీ మెదడు కాదని కూడా ఆయనే రాయాల్సి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో ఆయన పోయాడు.

మన పేగుల్లో, పాంక్రియాస్‌లో, ఊపిరితిత్తుల్లో కొన్ని కణాలుంటాయి. నరాల నుంచి సిగ్నల్ అందుకుని రక్తంలోకి హార్మోన్లు వదలడం వాటి పని. అవి అదుపు తప్పి పెరిగితే ఈ గడ్డ. చాలావాటికి ఏ లక్షణమూ ఉండదు, చప్పుడు చేయకుండా పెరుగుతాయి. హార్మోన్ వదిలేవాటితో ఇంకో తంటా, గడ్డ ఒకచోట, బాధ ఇంకోచోట. ఇన్సులిన్ చేసేదైతే షుగర్ పడిపోయి మనిషి తికమకగా మాట్లాడతాడు, చూసేవాళ్లు తాగాడనుకుంటారు. పిన్నిది చిన్నపేగులోది, సెరటోనిన్ చేసే రకం. పేగుల నుంచి వచ్చే రక్తం ముందు లివర్‌కి వెళ్తుంది, ఆ ఎక్కువైన సెరటోనిన్‌ని లివర్ అక్కడే విరగ్గొట్టేస్తుంది. ఫైర్‌వాల్ అన్నమాట. కాబట్టి ముఖం వేడెక్కడం, మోషన్స్ మొదలయ్యాయంటే చాలాసార్లు గడ్డ అప్పటికే లివర్‌కి పాకిందనే. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ హార్మోన్ ఏళ్ల తరబడి అలాగే పారితే గుండె కుడివైపు కవాటాలు కూడా బిగుసుకుపోతాయట.

డాక్టర్లని తిట్టడానికి ఇది రాయట్లేదు. గిట్టల చప్పుడు వినిపిస్తే గుర్రం అనుకోవాలి గానీ జీబ్రా అనుకోకూడదని మెడిసిన్‌లో చెప్తారట. ఈ జబ్బున్నవాళ్లు అందుకే జీబ్రాని తమ గుర్తుగా పెట్టుకున్నారు. మోషన్స్ అని వచ్చిన ప్రతివాళ్లకీ స్కాన్ రాస్తే అదీ తప్పే కదా.

నా కోపం మన మీదే. పిన్ని ఒక డాక్టర్‌కి మోషన్స్ గురించి చెప్పింది, ఇంకో డాక్టర్‌కి ఒంటి వేడి గురించి చెప్పింది. రెండూ కలిపి ఎవరికీ చెప్పలేదు. మోషన్స్ మాట ఎత్తాలంటేనే సిగ్గు. మన చామనఛాయ ముఖం మీద ఎరుపు కనపడదు కూడా. ఆ వేడికి చెమట పట్టట్లేదని, ఏమీ తినకపోయినా రాత్రి లేవాల్సి వస్తోందని మాకెవరికీ తెలీదు. మేమూ అడగలేదు, "గ్యాస్" అనేశాం కదా. కోడ్ "పని చేయట్లేదు" అని మెసేజ్ పెడితే సీనియర్లు మనల్ని ఎంత తిడతారో తెలుసుగా. ఎప్పుడు, ఎన్నిసార్లు, దానికి ముందు ఏం చేశావ్ అంటారు. సొంత ఒంటికి మాత్రం మనకి లాగ్ ఉండదు.

రాసుకుంటే భయం ఎక్కువవుతుందని అమ్మ అంటుంది. నేనొప్పుకోను. భయం పెంచేది అర్ధరాత్రి గూగుల్. చివరికి ఒక డాక్టర్ గారు రెండు వారాలు అన్నీ నోట్‌బుక్‌లో రాసి తెమ్మన్నారు. అది చదివాకే 24 గంటల యూరిన్ టెస్ట్ రాశారు, అరటిపండు, పైనాపిల్ మానేయమన్నారు. తాతయ్య కంటపడకుండా ఆ క్యాన్‌ని ఫ్రిజ్‌లో దాచడానికి పిన్ని పడ్డ అవస్థ ఇంకో ఆర్టికల్ అవుతుంది.

ఇప్పుడు 28 రోజులకోసారి ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్. జబ్బు పూర్తిగా పోదు, కానీ మెల్లగా పెరిగే రకమన్నారు. రాత్రిళ్లు నిద్రపోతోంది. నిన్న ఫోన్ చేసి, ఈసారి ఇంజెక్షన్ శనివారం పడింది, తోడు రారా అంది. ఆ రోజే నాకు ల్యాబ్ ఎక్స్‌టర్నల్. బ్యాచ్ మార్చమని మేడమ్‌ని అడగాలి.