లాంచీ కింద ఊళ్లున్నాయి

సోమశిల నుంచి శ్రీశైలం దాకా కృష్ణ మీద లాంచీ ప్రయాణం. రెండు దిక్కుల నల్లమల, నడుమ నిండు నీళ్లు, దారిలో అక్కమహాదేవి గుహలు. దసరా తర్వాత పిల్లలను తీసుకొని పోదామనుకుంటున్నామని మిత్రులు కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. తప్పకుండా పోండి. పాపికొండలు చూసినోళ్లు మన నల్లమలను ఎందుకు చూడొద్దు? కాని ఎక్కే ముందు ఒక సంగతి తెలుసుకొని ఎక్కండి.

మీ లాంచీ పోయేది శ్రీశైలం జలాశయం మీద. దాని నిండు మట్టం 885 అడుగులు. ఆ నీళ్ల కింద పాలమూరు, కర్నూలు జిల్లాల ఊళ్లు నూరుకు పైగా ఉన్నాయి. 1981లో ఇండ్లు కూలగొట్టి మరీ జనాన్ని వెళ్లగొట్టారు. దాదాపు లక్ష మంది చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. గుళ్లకు మాత్రం ఆ గతి పట్టలేదు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో నిలబెట్టారు. మంచాలకట్ట మాధవస్వామి కొల్లాపురం చేరాడు. సోమశిల సోమేశ్వరుడూ మిట్టకు ఎక్కాడు. మంచి పనే, కాదనం. రాళ్లకు నంబర్లు వేసి భద్రంగా తరలించిన సర్కారు, ఆ గుళ్లల్లో దీపం పెట్టిన మనుషుల లెక్క ఎందుకు తప్పింది?

ఇంటికొక ఉద్యోగం ఇస్తామని 1986లో 98వ నంబరు జీవో తెచ్చారు. ఆ కాగితం పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, కొడుకుల వయసు కూడా దాటిపోయిన తండ్రులున్నారు. భూమి, ఇల్లు, ఊరు ఇచ్చినోళ్ల బిడ్డలకు ఇప్పుడు కనీసం ఈ లాంచీల మీదనైనా కొలువులు ఇవ్వరాదా? డ్రైవరు, గైడు, వంటమనిషి ఎవరైనా సరే, మునిగిన ఊరి మనిషే కావాలె. నీళ్ల కింద ఏ ఊరు ఎక్కడుందో వాళ్ల కంటే బాగా చెప్పేదెవరు? సోమశిల రేవులో మునిగిన ఊళ్ల పేర్లతో ఒక బోర్డు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

ఇంకొక మాట. మనకు విహారమైన ఈ నీళ్లు ఒడ్డు ఊళ్లకు రోజూ దాటవలసిన దారి. 2007 జనవరిలో సింగోటం జాతర రోజుల్లో ఇక్కడే పడవ మునిగి అరవై మందికి పైగా పోయారు. సోమశిల, సిద్ధేశ్వరం నడుమ వంతెన కావాలని ఆ జనం ఎన్నేండ్లు మొత్తుకున్నారో! అది మంజూరయ్యేసరికి 2022 వచ్చింది. గోదావరి మీద 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర ఏమైందో కూడా మరువలేదు.

అందుకే వానలు తగ్గి, నీళ్లు నిండుగా నిలకడగా ఉన్నప్పుడే బయలుదేరండి. ఎండాకాలం నీళ్లు తగ్గితే లాంచీ నడవదు. జాకెట్టు ఇవ్వకపోతే ఎక్కకండి, ఎంత మందిని ఎక్కిస్తున్నారో లెక్కపెట్టండి. నడిమిట్లకు పోయినంక, పాత మంచాలకట్ట ఎక్కడుండెనో జర చూపించమని లాంచీ ఆయనను అడగండి.