దూరాన ఉన్న చేయి

మా పెదనాన్నగారికి విజయవాడలో మందుల టోకు వ్యాపారం. లెక్కలు చూచే కుర్రవాడు మాత్రం హైదరాబాదులో ఉండేవాడు. నెలనెలా 20వ తేదీలోగా జీఎస్టీ రిటర్ను వెళ్ళాలి గనుక, రాత్రివేళ తన గదిలోనే కూర్చుని దుకాణంలోని కంప్యూటరును నడిపేవాడు.

ఇందులో ఇంద్రజాలమేమీ లేదు. దుకాణపు తెర మీది బొమ్మ ఇంటర్నెట్టు ద్వారా అక్కడికి పోతుంది. అక్కడ నొక్కిన మీటలు, కదిపిన మౌసు ఇక్కడ పనిచేస్తాయి. తెరలో మారిన భాగాన్ని మాత్రమే పంపడం వల్ల కనెక్షను నెమ్మదిగా ఉన్నా పని సాగిపోతుంది. కేంబ్రిడ్జిలో ఒలివెట్టి, ఒరాకిల్ సంస్థల పరిశోధనశాల రూపొందించి 1998లో ఉచితంగా విడుదల చేసిన వీఎన్‌సీ ఈ సదుపాయాన్ని సామాన్యులకు అందించింది.

అయితే లోపలికి వచ్చే దారులు రెండు. మొదటిది, యజమాని తెర మీద కనబడే అంకెలను అప్పటికప్పుడు చదివి చెప్పడం. రెండవది, ఎవరూ లేని వేళ కూడా తెరుచుకునేలా ఒక శాశ్వతమైన పాస్‌వర్డు పెట్టుకోవడం. పెదనాన్నగారు రెండవ దారి ఎన్నుకున్నారు. రాత్రిళ్ళు మేలుకోలేక, అంతే.

నిరుడు ఆ కుర్రవాడు వేరే ఉద్యోగంలో చేరాడు. తరువాత రెండు మాసాలకు, ఒక రాత్రి దుకాణం మూయబోతుండగా తెర మీది బాణం తనంత తానే కదిలింది. ఖాతా పుస్తకం తెరుచుకున్నది. పెదనాన్నగారు కుర్చీలోనుంచి లేచి నిలబడిపోయారట. ఏమీ తోచక ఇంటర్నెట్టు తీగ పీకివేశారు. ఏ నిపుణుణ్ణి అడిగినా ముందు ఆ పనే చేయమనేవాడు.

మరునాడు ఉదయమే ఫోను వచ్చింది. "బాబాయిగారూ, వెళ్ళేముందు ఒక బిల్లు వేరే పద్దులో వ్రాశాను. నిన్న గుర్తుకొచ్చి దిద్దబోయాను, లైను తెగిపోయింది."

బంగారంలాంటి పిల్లవాడు. పెదనాన్నగారి వణుకు మాత్రం ఆ మాటతో తగ్గలేదు. గుమాస్తా మానుకున్న ప్రతిసారీ షట్టరుకు కొత్త తాళం కొనే మనిషి ఆయన. ఈ తాళం మార్చాలని మాత్రం ఆయనకు తట్టలేదు.

అందరూ ఆ కుర్రవాడివంటి వారు కారు. బ్యాంకు ఉద్యోగులమని ఫోను చేసి, ఎనీడెస్క్ అనే యాప్ పెట్టించి, అంకెలు చెప్పించుకుని ఖాతాలు ఊడ్చే మోసగాళ్ళను గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలో బ్యాంకులను హెచ్చరించింది. యాప్‌లో దోషం లేదు. తలుపు తీసినది ఇంటివారే. అలా డబ్బు పోయినవారు ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి.

పెదనాన్నగారు శాశ్వతపు పాస్‌వర్డు తీసివేయించారు. కొత్త కుర్రవాడికి వేరే లాగిన్ ఇచ్చారు. దానిలో లెక్కలు తప్ప బ్యాంకు వ్యవహారాలు కనబడవు. అతడు ఫోను చేసి అడిగితేనే కళ్ళజోడు తుడుచుకుని తెర మీది అంకెలు చదువుతారు. పని ముగిసేవరకు అక్కడే కూర్చుని బాణం ఎటు పోతే అటు చూస్తారు. అన్నం చల్లారిపోతున్నదని ఇంటిదగ్గర పెద్దమ్మ సణుగుతూనే ఉంటుంది.