కిటికీకి తెర, తెరకు జాలరు



కిటికీకి సంస్కృతమున గవాక్షమని పేరు. గోవు కన్ను అని దాని యర్థము. కన్నున్న చోట రెప్పయు నుండవలెను గదా! పడమటి యెండను, బాటసారుల చూపును అడ్డగించి గాలిని మాత్రము లోనికి విడుచు తెరయే కిటికీకి రెప్ప. అంగళ్లలో కుట్టిన తెరలు దొరకుచున్నవి గాని, అవి మన కిటికీ కొలతకు సరిపడుట యరుదు. కావున ఇంట కుట్టుకొను విధము నీ మాసమున తెలిపెదము.

3 అడుగుల వెడల్పు, 4 అడుగుల యెత్తు గల కిటికీకి, గజము పన్నా గల చేనేత నూలుబట్ట 5 గజములు కావలెను. నూలుబట్ట మొదటి తడుపునకు కుదియును గావున, కత్తెర పెట్టుటకు ముందే ఒక రాత్రి నానబెట్టి నీడ నారవేయవలెను.

తెర యెత్తునకు 48 అంగుళములు, కిటికీ గడప దాటి వ్రేలాడుటకు 6, పై మడతకు 4, క్రింది మడతకు 4, వెరసి 62 అంగుళముల ముక్కలు రెండు కత్తిరింపుడు. రెండును కలిసి కిటికీ వెడల్పునకు రెట్టింపగును; అప్పుడే కుచ్చులు నిండుగా వ్రాలును. నేత యంచు లుండుటచే ప్రక్కలు మడువ నక్కరలేదు. పై మడతలో కమ్మీ దూరునంత సందు విడిచి కుట్టవలెను. క్రింది మడతను ముందుగా వదులు కుట్లతో నిలిపి, ఒక ఉతుకైన పిదప గట్టిగా కుట్టుట మేలు.

పై జాలరునకు 14 అంగుళముల ముక్కలు రెండు తీసి, ప్రక్కప్రక్కన చేర్చి కుట్టుడు. కమ్మీ మడతకు 3, క్రింది మడతకు 1 పోగా 10 అంగుళములు వ్రేలాడును. దీనికి తెర ముందు వేరొక కమ్మీ యుండవలెను. మిగిలిన బట్ట తెరను ప్రక్కకు లాగి కట్టు పట్టీలకు వచ్చును. మన గోదావరి సీమ తేమగాలికి ఇనుపకమ్మీ తుప్పు పట్టును. ఆ మరక సబ్బునకు పోదు. ఇత్తడి కమ్మీ గాని, నునుపు చేసిన వెదురు గాని వాడుడు.

ఇక జాలరు అంచునకు లేసు. 19వ శతాబ్దమున మిషనరీలు నరసాపురమున నేర్పిన యీ యల్లిక చుట్టుప్రక్కల గ్రామములకు పాకినది. 2024లో నరసాపురపు క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. మన స్త్రీల వ్రేళ్లు అల్లిన లేసు సముద్రములు దాటి పరదేశపు టిండ్లను అలంకరించినది; అల్లిన వారి కిటికీకి లేసంచు కనబడుట, మేము చూచినంతలో, మిక్కిలి యరుదు. 1982లో వెలువడిన తన గ్రంథమున మరియా మీస్ అను జర్మను విదుషి, ఈ శ్రమను గృహిణుల తీరికవేళ కాలక్షేపముగా ఎంచుటకును, వారికి ముట్టు కూలి స్వల్పమగుటకును గల సంబంధమును చూపినది. "ఊరక కూర్చుండి అల్లినదే గదా" అను మాట మన యిండ్లలోను వినబడుచునే యున్నది.

ఈ జాలరునకు 72 అంగుళముల లేసు పట్టును. మా వారు బడికేగిన పిదప మేము కూర్చుండి దినమునకు 4 అంగుళములు అల్లుదుము. అట్లయిన నది 18 దినముల పని. లేసును గూడ తడిపి ఆరవేసిన పిదపనే బట్టకు కుట్టవలెను. లేనిచో ఉతికినంతనే అంచు ముడుచుకొనును.

ఇంటి పద్దులో బట్ట వెల ప్రక్కనే ఆ 18 దినములను గూడ వ్రాయుడు. అల్లిక రానివారు పొరుగామెచే అల్లించుకొనవచ్చును. బేర మాడుటకు ముందు ఆ పద్దును ఒకసారి చూచుకొనుడు.