చిరిగిన నోటు బీదవాని చేతిలోనే ఆగిపోవాలా?

జవహర్‌నగర్: చిరిగిన నోటు ఇస్తే వ్యాపారి తీసుకోడు. కాదనే శక్తి అతనికి ఉంది. సాయంత్రం మేస్త్రీ ఇచ్చిన కూలి డబ్బులో అటువంటి నోటు వస్తే కూలి మనిషి కాదనలేడు. కాదంటే రేపటి పని పోతుందేమోనన్న భయం. అందువల్ల చిరిగినవి, మాసినవి, ముక్క పోయినవి చేతులు మారి మారి చివరకు బీదవారి వద్దకే చేరి అక్కడే ఆగిపోతున్నాయి. ఉన్నవారికి ఇది చాలా చిన్న సమస్య. ఐదు వందల నోటు కోసం పొద్దుగూకే దాకా ఇటుకలు మోసినవారికి మాత్రం అది చిన్నది కాదు.

జవహర్‌నగర్, బాలాజీనగర్, దమ్మాయిగూడ ప్రాంతాలలో పొట్ట చేతబట్టుకొని వచ్చి, చిన్న ఇల్లు వేసుకొని, కూలినాలి చేసుకొనేవారు ఎక్కువ. డంపింగ్ యార్డు చుట్టుప్రక్కల తుక్కు ఏరి అమ్ముకొని బ్రతికేవారూ ఉన్నారు. వీరి సొమ్ము బీరువాలలో ఉండదు. బియ్యం డబ్బాలో, కొంగు ముడిలో, రేకుల సందున ఉంటుంది. వాన కురిస్తే తడుస్తుంది, ఎలుక కొరుకుతుంది, చెద పడుతుంది. ఆ నోటు పట్టుకొని కిరాణా కొట్టుకు వెళితే, "ఇది నడవదమ్మా, వేరేది ఉంటే ఇయ్యి" అన్న మాటే వినిపిస్తుంది. దానితో కొందరు దానిని దేవుని హుండీలో వేసి ఊరుకుంటున్నారు. మరికొందరు చిరిగిన నోట్లు కొనేవారికి తక్కువకు ఇచ్చి వచ్చినంత పుచ్చుకొంటున్నారు. నిజానికి ఆ నోటుకు పూర్తి విలువ ఉండవచ్చునన్న సంగతి వారికి చెప్పేవారు లేరు.

నిబంధనలు ఏమంటున్నాయి? రిజర్వు బ్యాంకు 2009లో చేసి, 2018లో సవరించిన నోట్ల వాపసు నిబంధనలు దేశమంతటికీ ఒక్కటే. మాసిన నోటుకు, రెండు ముక్కలైనా ఏ భాగమూ పోకుండా రెండూ ఒకే నోటువై ఉన్నదానికి పూర్తి విలువ ఇవ్వాలి. ముక్క పోయిన నోటు విషయంలో, మిగిలిన వాటిలో అన్నిటికంటె పెద్ద ముక్కను కొలుస్తారు. ఇరవై రూపాయలు, అంతకు లోపు నోట్లలో ఆ ముక్క సగానికి మించి ఉంటే పూర్తి విలువ, లేకపోతే ఏమీ రాదు. యాభై, అంతకు పైబడిన నోట్లలో నూటికి 80 వంతులకు మించి ఉంటే పూర్తి విలువ, 40 నుంచి 80 వంతుల వరకు ఉంటే సగం విలువ ఇస్తారు. 40 వంతులకు తగ్గితే ఏమీ రాదు.

ఐదు వందల నోటునే తీసుకొందాం. దాని పొడవు 150, వెడల్పు 66 మిల్లీమీటర్లు. మూల విరిగి పదింట తొమ్మిది వంతులు మిగిలితే పూర్తిగా 500 రూపాయలు రావాలి. ఎలుక కొరికి మూడింట రెండు వంతులే మిగిలితే 250 రూపాయలు రావాలి. ఈ లెక్క తెలియనివారే అంతకంటె తక్కువకు అమ్ముకొని నష్టపోతున్నారు.

ఈ సౌకర్యానికి ఆ బ్యాంకులో ఖాతా ఉండనక్కరలేదు. రోజుకు 20 నోట్ల వరకు, మొత్తం 5 వేల రూపాయల లోపు అయితే మాసిన నోట్లను ఏ రుసుమూ లేకుండా మార్చి ఇవ్వాలి. ముక్క పోయినవి ఐదు వరకు ఉంటే చిన్న శాఖ వారు కూడా మామూలుగా అక్కడే తేల్చాలి. అది వీలు కాకపోతే రసీదు ఇచ్చి, కరెన్సీ చెస్టు ఉన్న శాఖకు పంపి, 30 రోజులు మించకుండా డబ్బు చెల్లించాలి. పూర్తిగా కాలినవి, ముద్దగా అతుక్కుపోయినవి మాత్రం శాఖలలో తీసుకోరు. వాటిని సైఫాబాదులోని రిజర్వు బ్యాంకు కార్యాలయానికే తీసుకొని వెళ్ళాలి.

ప్రజలు కూడా కొన్ని జాగ్రత్తలు పాటించాలి. ఒక నోటు ముక్కకు మరొక నోటు ముక్క అతికించి తెస్తే చెల్లదు. కావాలని చింపినదని తేలినా, రాజకీయ, మత నినాదాలు వ్రాసి ఉన్నా డబ్బు రాదు. మామూలు పెన్ను గీత ఉన్నంత మాత్రాన నోటు చెల్లదనుకోవడం వట్టి అపోహ.

నాణేల సంగతి మరీ విడ్డూరం. హైదరాబాదు టంకసాల 1997లో సైఫాబాదు నుంచి చర్లపల్లికి మారింది. జవహర్‌నగర్‌కు అది ఎంతో దూరం కాదు. నాణెం మీద సంవత్సరం క్రింద చిన్న నక్షత్రం గుర్తు ఉంటే అది హైదరాబాదు టంకసాలలో తయారైనదని అర్థం. మన పొరుగున తయారైన నాణేన్ని మన కొట్లలోనే వద్దనడం ఎంత సబబు? పది రూపాయల నాణేలు 14 నమూనాలలో వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయినవి పావలా, అంతకు లోపు నాణేలు మాత్రమే. అర్ధరూపాయి నేటికీ చట్టప్రకారం చెల్లుతుంది.

బ్యాంకు సిబ్బంది కష్టం కూడా గమనించవలసినదే. ఒకే కౌంటరు వద్ద పింఛనుదారులు, ఖాతాదారులు బారులు తీరి ఉండగా, ముక్కలు కొలిచి చూడడం సులభం కాదు. అంత మాత్రాన "మా వద్ద మార్చము, రిజర్వు బ్యాంకుకు వెళ్ళండి" అని త్రిప్పి పంపడం న్యాయం కాదు. నూరు రూపాయల నోటు కోసం సైఫాబాదు వెళ్ళి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. బస్సు చార్జీలు అదనం. 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం 28వ సెక్షను చిరిగిన నోటుకు డబ్బు ఇవ్వడం హక్కు కాదు, దయ అంటున్న మాట నిజమే. అయితే ఆ దయ ఎలా చూపాలో నిబంధనలు వ్రాసి పెట్టిన తరువాత, అది కౌంటరులో కూర్చున్నవారి ఇష్టాయిష్టాలకు వదిలిన విషయం కాదు.

కనుక ప్రతి బ్యాంకు శాఖ వారు, చిరిగిన నోట్లు మార్చి ఇస్తామని అందరికీ కనిపించేచోట తెలుగులో బోర్డు పెట్టాలి. వారంలో ఒక పూట ఇందుకోసమే ఒక కౌంటరు కేటాయిస్తే రద్దీ బాధ ఉండదు. మహిళా పొదుపు సంఘాల వారు ఎలాగూ నెలనెలా బ్యాంకుకు వెళుతుంటారు. సభ్యుల వద్ద ఉన్న పాడైన నోట్లు కూడా పేరు వ్రాసుకొని తీసుకొని వెళితే, చదువురాని వారికి ఎంతో మేలు చేసినవారవుతారు. శాఖలో కాదంటే బ్యాంకుకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజులలో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకోవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోను చేయవచ్చు.

కూలి డబ్బు చేతికి వచ్చినప్పుడు చిరిగిన నోటు వద్దనే ధైర్యం బీదవానికి ఇప్పట్లో రాకపోవచ్చు. దానిని మార్చుకొనే చోటైనా అతనికి దగ్గరలో ఉండాలి. జిల్లా అధికారులు, బ్యాంకుల వారు ఇకనైనా ఈ విషయమై శ్రద్ధ వహించాలి.