పొయ్యి మారాలంటే ఊరు కదలాలి

జయశంకర్ భూపాలపల్లి జిల్లా చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. దానికి దగ్గర్లోనే సింగరేణి బొగ్గు గనులు. ఎక్కడెక్కడి పట్నాలకో వెలుగునిచ్చే కరెంటు ఈ జిల్లాలో పుడుతోంది. అదే జిల్లా టేకుమట్ల మండలంలో వంట మాత్రం గ్యాస్ బండనో కట్టెల మోపునో నమ్ముకునే సాగుతోంది. సిలిండర్ ఉన్న ఇంట్లోనూ స్నానాల నీళ్లు కాగేది కట్టెల పొయ్యి మీదే. ఊదుగొట్టం పట్టి కళ్లు మండించుకునేది ఆడవాళ్లే. బొగ్గు పొగనూ బూడిదనూ భరించే జిల్లాకు కరెంటు పొయ్యి సుఖం అందకపోవడం న్యాయం కాదు. వంట, వేన్నీళ్లు, బండి అన్నీ కరెంటు మీద నడిచే రోజు పల్లెకూ రావాలి. అది ఇంటింటి సొంత తిప్పలుగా వస్తే నిలవదు. ఊరంతా కలిసి తెచ్చుకోవాలి.

కలిసి ఎందుకు? లెక్క చూస్తే తెలుస్తుంది. వంద ఇళ్లలో సాయంత్రం ఒకేసారి 1,500 వాట్ల పొయ్యి వెలిగితే 150 కిలోవాట్ల బరువు పడుతుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మోయలేదు. ఓవర్‌లోడుకు ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఏమవుతుందో బోరు మోటార్ల రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. ఏ ఇంటికి ఆ ఇల్లు పొయ్యి కొనుక్కుంటూ పోతే మొదటి ఎండాకాలంలోనే ఊరు చీకట్లో పడుతుంది, తప్పు పొయ్యి మీదికి పోతుంది. ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని ఇళ్లు మారుతున్నాయో జాబితా రాసి ముందే పంపిణీ సంస్థ ముందు పెడితే ఆ ముప్పు ఉండదు. ఆ జాబితా రాయగలిగింది ఊరే.

ఇంటి లోపలి చిక్కులు కూడా ఒంటరిగా తేలేవి కావు. ఇండక్షన్ పొయ్యి మీద సిల్వర్ గిన్నె వేడెక్కదు, అడుగు గుండ్రంగా ఉన్న గంజు కుదరదు. సర్వపిండి ఎట్లా, మంట మీద పొంగాల్సిన జొన్నరొట్టె ఎట్లా అని అడిగే అమ్మకు కాగితం మీద జవాబు ఇస్తే సరిపోదు, వండి చూపించాలి. పాత ఇళ్లలో 5 ఆంపియర్ల ప్లగ్గులే ఉంటాయి. ఈ పొయ్యికి 15 ఆంపియర్ల ప్లగ్గు, దానికి తగిన తీగ, సరైన ఎర్తింగు కావాలి. ఒక్క ఇంటి కోసం మిస్త్రీ రాడు. యాభై ఇళ్ల పని ఉందంటే వస్తాడు, ధరా దిగుతుంది.

ఇలా కలిసి చేయడం ఈ నేలకు కొత్త కాదు. సిరిసిల్లలో వినియోగదారుల సహకార సంఘమే 1970 నుంచి కరెంటు పంపిణీ చేస్తోంది. వరంగల్ పక్కన గంగదేవిపల్లి ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకుని దేశానికి ఆదర్శ గ్రామమైంది. 1999లో దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లు పొదుపు సంఘాల మహిళల చేతికే వచ్చాయి. బండ ఇంటికి చేరినా, మళ్లీ నింపించడానికి డబ్బుల్లేక చాలా ఇళ్లు కట్టెలకే తిరిగిపోయాయి. వస్తువు ఇచ్చి చేతులు దులుపుకుంటే ఏమవుతుందో ఆనాడే తెలిసింది. ఆస్ట్రేలియాలో 2515 పిన్‌కోడు ప్రాంత ప్రజలు ముందు తామే జట్టుకట్టి, 500 ఇళ్లను కరెంటుకు మార్చే ప్రయోగాన్ని తమ ఊళ్లకు రప్పించుకున్నారు. మహిళా సంఘాల గ్రామ సమాఖ్యలున్న టేకుమట్లకు అది అందని పని కాదు.

అయితే ప్రభుత్వమే పెట్టిన ఒక గీత దారికి అడ్డంగా ఉంది. గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. ఒక్క యూనిట్ దాటినా ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఒక సిలిండర్‌తో అయ్యే వంటకు ఇండక్షన్ మీద సుమారు 120 యూనిట్లు అవుతాయి. బండ నెలన్నర వచ్చే ఇంటికి అంటే నెలకు 80 యూనిట్లు. ఫ్యాన్లకూ టీవీకీ ఫ్రిజ్‌కూ 130 కాలే ఇల్లు పొయ్యి మార్చిన నెలలోనే గీత దాటుతుంది. పొగ మానినందుకు జరిమానా పడినట్టే. మనం వాడే గ్యాస్‌లో సగానికి పైగా విదేశాల నుంచే వస్తున్నప్పుడు ఈ జరిమానా దేశానికీ నష్టమే. ఈక్వడార్ దేశం 2014లో ఇండక్షన్ పొయ్యిల కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు వంటకోసం నెలకు 80 యూనిట్లు ఉచితంగా ఇచ్చింది. కరెంటు మీద వండే ఇంటికి మన రాష్ట్రమూ 200 పైన మరో 80 యూనిట్లు వేరుగా ఇవ్వాలి. 500 రూపాయలకే సిలిండర్ ఇచ్చేందుకు పెడుతున్న రాయితీలో కొంత ఇటు మళ్లించడం అన్యాయమేమీ కాదు.

బొగ్గు కాల్చి తెచ్చిన కరెంటుతో వండితే పొగ వంటింట్లోంచి చెల్పూరుకు మారడమే కదా అనే ప్రశ్న సరైనదే. అందుకే పొయ్యితోపాటు ఇంటి కప్పు మీదికి సోలార్ పలకలూ రావాలి. పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. ముఖ్యమంత్రి సొంతూరు కొండారెడ్డిపల్లిలో ఇళ్ల కప్పులు కరెంటు పండించేలా చేసి చూపారు. ఒక్క ఊరికి సాధ్యమైంది టేకుమట్లకూ సాధ్యం కావాలి. సున్నా బిల్లు వచ్చే ఇంటికి పలకల మీద పెట్టుబడి పెట్టే అవసరం కనిపించదు గనుక, మిగిలిన మొత్తానికి మహిళా సంఘం రుణం కలపాలి. సంఘం అప్పిస్తే, మిగులు కరెంటు అమ్మగా వచ్చే ఆదాయం వాయిదాకు తోడవుతుంది.

టేకుమట్ల గ్రామ సమాఖ్యలు ముందుగా ఒక్క వాడను ఎంచుకోవాలి. సంఘం గదిలో రెండు పొయ్యిలు పెట్టి అందరి ముందూ వండించాలి, తర్వాత జాబితా రాయాలి. పంచాయతీ తీర్మానం చేసి ఆ జాబితాను విద్యుత్ పంపిణీ సంస్థకు పంపాలి. ఊరి చదువుకున్న పిల్లలకు వైరింగు పని నేర్పించాలి. అంగన్‌వాడీ, బడి వంటశాల ముందు మారితే తల్లులు కళ్లారా చూస్తారు. సంస్థ ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంచాలి, ప్రభుత్వం 200 గీత సవరించాలి.

కరెంటు పుట్టిన జిల్లాలో ఊదుగొట్టం ఇంకా చేతిలో ఉండకూడదు. దాన్ని పక్కన పెట్టే పని మహిళా సంఘం మొదలుపెట్టాలి, ప్రభుత్వం దానికి అడ్డు తీయాలి.