కారు ఆగే చోట మనిషికీ ఏదో పని ఉండాలి

ఎలక్ట్రిక్ కారు మాట ఎత్తగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న: "ఫుల్ ఛార్జింగ్ పెడితే ఎంత దూరం పోతది?" రెండోది: "మధ్యలో ఛార్జింగ్ అయిపోతే ఎట్ల?" రెండూ న్యాయమైన ప్రశ్నలే. కానీ మూడో ప్రశ్న ఎవరూ అడగరు. ఛార్జింగ్ ఎక్కేదాకా మనం అక్కడ ఏం చేస్తాం? లాంగ్ ట్రిప్ ప్లానింగ్‌లో అసలు చిక్కు ఈ మూడో ప్రశ్నలోనే ఉందని నా అభిప్రాయం. మన దగ్గర ఛార్జర్లు పెట్టేవాళ్లు కూడా దీన్ని పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

ఇది నాకు కేవలం సెమినార్ టాపిక్ కాదు. మాది రావల్కోల్. మేడ్చల్ వైపు పోతే 44వ నంబరు జాతీయ రహదారి, నాగ్‌పూర్ దారి. శామీర్‌పేట వైపు పోతే రాజీవ్ రహదారి, కరీంనగర్ దారి. మా బాపు ఈ రెండు రోడ్ల మీదే కిరాయి కారు నడుపుతాడు. డీజిల్ బండి పాతబడింది, కొత్తది తీసుకోవాలి. ఎలక్ట్రిక్ బండ్లకు రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. 2026 డిసెంబరు 31 దాకా ఆ మాఫీ ఉంటుంది, ట్యాక్సీలకు కూడా వర్తిస్తుంది. అంటే మా ఇంట్లో నిర్ణయానికి ఒక గడువు కూడా ఉంది. నేను ఈఈఈ చదువుతున్నా కాబట్టి లెక్కలు నా మీద పడ్డాయి. బాపు మాత్రం ఒకటే మాట అన్నాడు: "కారు మధ్యల ఆగితే గిరాకీ పోతది బిడ్డా. ఒక్కసారి పోయిన గిరాకీ మళ్ల ఫోన్ చెయ్యదు."

సరే, లెక్క చూద్దాం. కరెంటు బిల్లు మీద ఉండే యూనిట్లలోనే మాట్లాడుకుందాం, ఎందుకంటే ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. బ్యాటరీ 40 యూనిట్లు అనుకోండి. హైవే మీద ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుంటే యూనిట్‌కి ఆరున్నర కిలోమీటర్లు అనుకుందాం. కాగితం మీద 260 కిలోమీటర్లు. అయితే చివరి 20 శాతం దాకా ఎవరూ ఊడ్చుకుపోరు, పోకూడదు కూడా. కాబట్టి ఇంటి నుంచి బయల్దేరిన మొదటి విడత 32 యూనిట్లు, సుమారు 200 కిలోమీటర్లు. దారిలో ఫాస్ట్ ఛార్జర్ దగ్గర 20 నుంచి 80 శాతం దాకానే ఎక్కిస్తాం. అది 24 యూనిట్లు, సుమారు 155 కిలోమీటర్లు. మొదటి విడత పొడుగు, తర్వాతి విడతలు పొట్టి. చాలామంది ప్లాన్ ఇక్కడే తప్పుతుంది. రెండో విడతను కూడా 200 అనుకుని గీత గీస్తారు.

80 దగ్గరే ఎందుకు ఆగాలి? లిథియం అయాన్ సెల్ వోల్టేజీ దాని పరిమితికి దగ్గరపడ్డాక కరెంటు తగ్గించుకుంటూ పోవాలి. ఖాళీ బస్సులోకి జనం గబగబా ఎక్కుతారు, నిండిన బస్సులోకి ఒక్కొక్కరే సర్దుకుని ఎక్కుతారు. ఇదీ అంతే. చివరి 20 శాతం కోసం నిలబడే టైమ్‌లో చాలాసార్లు తర్వాతి ఊరు చేరిపోవచ్చు.

ఇంకో రెండు భయాలు కూడా తూకం వేసి చూశా. మొదటిది ఘాట్ రోడ్డు. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ అనగానే "బ్యాటరీ మొత్తం తాగేస్తది" అంటారు. 1,600 కిలోల బండిని 100 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి కావాల్సిన శక్తి అర యూనిట్ కూడా కాదు, అంటే మూడు కిలోమీటర్ల రేంజ్. దిగేటప్పుడు అందులో కొంత రీజెనరేషన్‌తో వెనక్కి వస్తుంది. రెండోది ఏసీ. గంటకు యూనిటున్నర అనుకున్నా పది కిలోమీటర్లే. అసలు తినేది వేగం. గాలి నిరోధం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది కాబట్టి 80 నుంచి 100కి పోతే అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కాబట్టి ఏసీ కట్టేసి చెమటలు కక్కుకుంటూ వందలో పోవడం కంటే, ఏసీ వేసుకుని ఎనభైలో పోవడం మేలు.

ఇప్పుడు బాపు కిరాయిలు మూడు రకాలు. ఒకటి శంషాబాద్ ఎయిర్‌పోర్ట్. ఔటర్ మీద రానుపోను సుమారు 150 కిలోమీటర్లు. రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెడితే చాలు, అక్కడ వాదనే లేదు.

రెండోది వేములవాడ లాంటి గుడి ట్రిప్పులు. శామీర్‌పేట, సిద్దిపేట, సిరిసిల్ల మీదుగా రానుపోను 260, 270 కిలోమీటర్లు. ఒక్క ఛార్జింగ్‌తో అటూఇటూ ఆడుతుంది. మామూలు ప్లాన్ ఏమంటుంది? తిరుగు ప్రయాణంలో హైవే మీద ఫాస్ట్ ఛార్జర్ వెతికి అరగంట ఆపమంటుంది. పొద్దున నాలుగింటికి లేచి, దర్శనం లైన్లో నిలబడి, కాళ్లు లాగుతున్న ముసలమ్మను తీసుకుపోయి ఏదో బంకు మూలన అరగంట కూర్చోబెట్టమంటుంది. కారు మాత్రం అంతకుముందు గుడి పార్కింగులో మూడు గంటలు ఖాళీగానే నిలబడి ఉంది! అక్కడ 7.2 కిలోవాట్ల మామూలు ఏసీ పాయింట్ ఉంటే మూడు గంటల్లో 20 యూనిట్లకు పైగా ఎక్కుతాయి, దాదాపు 130 కిలోమీటర్లు. తిరిగి ఇల్లు చేరడానికి అది చాలు. డ్రైవర్ కునుకు తీస్తాడు, కారు ఛార్జ్ అవుతుంది, గిరాకీకి తెలియను కూడా తెలియదు.

నా వాదనంతా ఇదే. ఛార్జింగ్ కోసం మనిషిని ఆపొద్దు, మనిషి ఎలాగూ ఆగే చోట ఛార్జింగ్ పెట్టాలి. 60 కిలోవాట్ల ఫాస్ట్ ఛార్జర్ ఒక్కటి తీసుకునే లోడుతో 7.2 కిలోవాట్ల పాయింట్లు ఎనిమిది నడుస్తాయి. ఒక్కో పాయింట్ మూడు నాలుగు గీజర్లంత లోడు, అంతే. వేములవాడ, కొండగట్టు, బాసర, యాదగిరిగుట్ట పార్కింగుల్లో, జిల్లా ఆసుపత్రుల్లో, మన మేడ్చల్ రోడ్డు పొడుగునా ఉన్న ఫంక్షన్ హాళ్లలో మనుషులు గంటల తరబడి ఉంటారు. అలాంటి చోట పాయింట్లు ఒకటి అరా కాదు, వరుసగా ఉండాలి.

మూడోది దూరం ట్రిప్పు, ఆదిలాబాద్ లాంటిది. మేడ్చల్ నుంచి దాదాపు 260 కిలోమీటర్లు. ఇక్కడ మాత్రం హైవే మీద ఫాస్ట్ ఛార్జర్ తప్పదు. లెక్క ప్రకారం మొదటి విడతలో నిర్మల్ దాకా పోవచ్చు. అయినా నేనైతే ఆర్మూర్‌లోనే ఆగమంటా. అక్కడ ఛార్జర్ పనిచేయకపోయినా, లైన్ ఉన్నా, నిర్మల్ చేరేంత ఛార్జింగ్ చేతిలో ఉంటుంది. చేరగలిగిన ఆఖరి ఛార్జర్ మీద ఆశ పెట్టుకోవద్దు, దాని ముందుదాని దగ్గర ఆగాలి. పైగా ఆర్మూర్ పక్కనే అంకాపూర్. అక్కడ నాటుకోడి ఆర్డర్ ఇచ్చాక వండి ఇస్తారు. ఆ వండే టైమ్, ఛార్జింగ్ టైమ్ దాదాపు ఒకటే. ఆగడం అంటే ఇట్లుండాలి.

ఇక ఎదురు వాదన. "కేంద్రం రూల్స్ పెట్టింది కదా, ఇంక ప్రాబ్లం ఏముంది?" అని మా క్లాస్‌మేట్ ఒకడు వాదించాడు. నిజమే. కేంద్ర విద్యుత్ శాఖ 2018లో ఇచ్చి 2019లో సవరించిన మార్గదర్శకాల్లో హైవేలకు రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక స్టేషన్, దూర ప్రయాణపు బండ్లకు, భారీ వాహనాలకు ప్రతి 100 కిలోమీటర్లకు ఒక ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్ ఉండాలని రాశారు. 2024లో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో 10,900 కోట్లు పెడితే అందులో 2,000 కోట్లు ఛార్జింగ్ స్టేషన్లకే. డబ్బు ఉంది, రూలు ఉంది. కానీ కిలోమీటర్లలో కొలిస్తే దూరం తెలుస్తుంది, నిరీక్షణ తెలియదు. దసరా ముందురోజు ఒక్క గన్ ఉన్న స్టేషన్ దగ్గర మీ ముందు నాలుగు కార్లున్నాయనుకోండి. ఒక్కోదానికి 50 నిమిషాలైతే మీ వంతుకి మూడు గంటల ఇరవై నిమిషాలు. పెట్రోల్ బంకులో అదే నాలుగు కార్లకు ఇరవై నిమిషాలు. మ్యాప్‌లో మాత్రం రెండూ ఒక్కో చుక్కే.

ఆ చుక్క ఇంకా చాలా దాస్తుంది. పోయిన ఎండాకాలం మా మామ కారులో అమ్మ, నేను పోతుంటే రాత్రి తొమ్మిదిన్నరకు ఒక ఛార్జర్ దగ్గర ఆగాం. యాప్‌లో "అందుబాటులో ఉంది" అని పచ్చరంగు. అక్కడ చూస్తే లైటు లేదు, బాత్రూమ్‌కి తాళం, ఓటీపీ రావడానికి సిగ్నల్ లేదు. ఛార్జర్ నిజంగానే పనిచేసింది, అది ఒప్పుకోవాలి. కానీ ఆ నలభై నిమిషాలు అమ్మ కారు డోర్లు లాక్ చేసుకుని కూర్చుంది. ఆ రోజు ఆ స్టేషన్ రికార్డులో అది విజయవంతమైన సెషన్‌గానే పడి ఉంటుంది. మా అమ్మ రికార్డులో కాదు.

ఇంకో రకం ప్రయాణం చూడండి. 2023 మేలో ఆర్టీసీ హైదరాబాద్, విజయవాడ మధ్య ఈ-గరుడ ఎలక్ట్రిక్ బస్సులు మొదలుపెట్టింది. అందులో ఎక్కినవాళ్లు ఎవరూ బ్యాటరీ శాతం చూసుకోరు, మూడు యాప్‌లు డౌన్‌లోడ్ చేసుకోరు. ఆ లెక్కలు సంస్థ ముందే వేసుకుంది. సొంత కారు, కిరాయి కారు నడిపేవాడికి మాత్రం అదంతా "నీ తెలివి, నీ తిప్పలు" అని వదిలేశాం. ప్లానింగ్ తెలిసిన ఇంజనీరింగ్ స్టూడెంట్ ఇంట్లో ఉంటేనే ఎలక్ట్రిక్ కారు నడుస్తుందంటే, ఆ టెక్నాలజీ ఇంకా జనానికి చేరనట్టే లెక్క.

అందుకే నేను అడిగేవి నాలుగే. హైవే స్టేషన్ అంటే కనీసం రెండు గన్లు ఉండాలి. పక్కనే లైటు, తాళం లేని బాత్రూమ్, నీళ్లు, నీడ ఉండాలి. యాప్ లేకుండా యూపీఐతో డబ్బు కట్టే వీలుండాలి. పోయిన నెలలో ఎన్ని గంటలు పనిచేసిందో స్టేషన్ మీదే బోర్డు పెట్టాలి. వీటిలో ఏదీ కొత్త ఆవిష్కరణ కాదు, రీసెర్చ్ పేపర్ అక్కర్లేదు.

మనం చేయగలిగింది కూడా ఒకటుంది. మన కాలేజీలో ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా అన్ని జిల్లాల వాళ్లం ఉన్నాం. పండగ సెలవులకు ఊరికి పోతూ దారిలో కనిపించిన ఒక్క ఛార్జర్ దగ్గర పది నిమిషాలు ఆగండి. గన్లు ఎన్ని, పనిచేస్తున్నాయా, రాత్రి లైటు ఉందా, ఆడవాళ్లు ఒంటరిగా ఆగగలరా అని రాసుకు రండి. అందరివీ కలిపి ఒక పట్టిక చేద్దాం. మా బాపు లాంటివాళ్లు లోన్ కాగితం మీద సంతకం పెట్టే ముందు చూసుకోవాల్సింది ఆ పట్టికనే, షోరూమ్‌లో ఇచ్చే బ్రోచర్‌ని కాదు.