మన వాహనం: చిన్న కవాటం, పెద్ద చిక్కు

ఢిల్లీలోను, పరిసర నగరాలలోను నివసించే మన ఉద్యోగులలో పలువురి వద్ద 2010 తరువాత కొన్న పెట్రోలు కార్లు ఇంకా నడుస్తున్నాయి. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లు రాజధాని ప్రాంతంలో తిరగరాదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీం కోర్టు సమర్థించింది. 2025లో ఆ నిబంధన కొంత సడలినా, వయసు మీరిన కారుపై వేలకు వేలు వెచ్చించడం తగునా అన్న సందేహం చాలా ఇళ్లలో ఉన్నదే. కావున, ఖరీదైన లోపంగా కనిపించి, తరచు ఒక చిన్న భాగంతో తీరిపోయే చిక్కును గూర్చి ఈ మాసం ముచ్చటించదలచాము.

దాని లక్షణాలు ఇవి. కూడలిలో ఎర్రదీపం వద్ద ఆగినపుడు ఇంజను వణకుతుంది. పెట్రోలు నింపించుకొన్న వెంటనే కారు స్టార్టు కాక మొరాయిస్తుంది. నిలిపి ఉంచిన కారు చుట్టూ పెట్రోలు వాసన వస్తుంది. మెకానిక్కు ముందు స్పార్కు ప్లగ్గులు మారుస్తాడు. పిదప ఇంజెక్టర్లు శుభ్రం చేస్తాడు. చివరకు ఫ్యూయల్ పంపు మార్చాలంటాడు. బిల్లు పెరుగుతుందే గాని వణుకు తగ్గదు.

పెట్రోలు ట్యాంకులో నిరంతరం ఆవిరి పుడుతూ ఉంటుంది. అది గాలిలో కలవకుండా బొగ్గు నింపిన ఒక డబ్బా పీల్చుకొంటుంది. ఇంజను నడుస్తున్నపుడు ఇన్‌టేక్ మానిఫోల్డులో ఏర్పడే శూన్యం ఆ ఆవిరిని లోనికి లాగి దహింపజేస్తుంది. ఈ దారికి కాపలాదారు పర్జ్ వాల్వు అనే సొలినాయిడు కవాటం. కర్మాగారంలో సొలినాయిడు వాల్వులతో పనిచేసే సోదరులకు దీని తత్త్వం వివరించనక్కరలేదు: తీగచుట్టలో విద్యుత్తు ప్రవహిస్తే తెరుచుకొంటుంది, లేకుంటే మూసుకొని ఉంటుంది. తెరుచుకొని బిగుసుకుపోతే ఇంజను వణకుతుంది. తీగచుట్ట తెగితే ఆవిరికి దారి మూసుకుపోతుంది. డాష్‌బోర్డుపై ఇంజను దీపం వెలుగుతుంది. స్కానరులో పి-0443 అని వస్తే విద్యుత్ వలయంలోను, పి-0441 అని వస్తే ఆవిరి ప్రవాహంలోను దోషమున్నట్లు గ్రహించాలి.

ఇక పరీక్ష. సాధారణంగా మానిఫోల్డు సమీపాన, రెండు గొట్టాలు, రెండు పిన్నుల కనెక్టరు గల చిన్న ప్లాస్టిక్ భాగమే ఈ కవాటం. ఇంజను చల్లగా ఉన్నపుడు స్టార్టు చేసి, బొగ్గుడబ్బా వైపు గొట్టం ఊడదీసి, కవాటం మూతిపై వేలు ఉంచండి. చూషణ తెలియకపోతే అది సక్రమంగా మూసుకొన్నట్లే. చూషణ తెలిస్తే కనెక్టరును కూడ తీసి చూడండి. అప్పటికీ ఆగకపోతే కవాటమే దోషి. ఆగిపోతే దోషం తీగలలోనో, కంట్రోలు యూనిట్‌లోనో వెదకాలి. ఈ ఒక్క భేదం తెలియక కవాటం మార్చినవారు మళ్లీ వర్క్‌షాపుకే పోవలసి వస్తుంది.

తరువాత ఇంజను ఆపి, మల్టీమీటరుతో రెండు పిన్నుల మధ్య నిరోధం కొలవండి. సరియైన విలువను కారు మాన్యువల్‌లో చూడాలి. చాలా కార్లలో అది కొన్ని పదుల ఓములు ఉంటుంది. అనంతమని చూపితే తీగచుట్ట తెగినట్లే. కవాటాన్ని ఊడదీసి, కారుకు దూరంగా తీసుకొనిపోయి 12 వోల్టులు ఇస్తే ‘టిక్’ మని శబ్దం రావాలి, గాలి పారాలి. నోటితో ఊదవద్దు, మందుల దుకాణంలో దొరికే సిరంజికి చిన్న గొట్టం తగిలిస్తే చాలు. ఆవిరి ఉన్న చోట నిప్పురవ్వ ప్రమాదకరమని మరువరాదు.

కవాటం బాగుంటే గొట్టాలను చూడాలి. ఢిల్లీ ఎండలకు, ఇంజను వేడికి రబ్బరు గట్టిపడి చిట్లుతుంది. ఎలుకలు కొరకడమూ కద్దు. కవాటంలో నల్లని బొగ్గు నలుసులు కనబడితే బొగ్గుడబ్బా పగిలిందని అర్థం. దానిని వదిలి కవాటం మాత్రమే మారిస్తే కొత్తదీ త్వరలోనే బిగుసుకుపోతుంది. కాశ్మీరీ గేటు విడిభాగాల బజారుకు పోయేవారు పాత కవాటాన్ని వెంట తీసుకొనిపోవడం మేలు.

బంకులో నాజిలు తనంతట తాను ఆగిన తరువాత ‘ఇంకొంచెం’ అని పోయించుకొనే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ అదనపు పెట్రోలు బొగ్గుడబ్బాలోకి చేరి దానిని పాడుచేయగలదు. నాజిలు ఆగినచోటనే మనమూ ఆగాలి.

కాలుష్య ధ్రువపత్రం కోసం చేసే పరీక్ష పొగగొట్టం నుండి వెలువడే వాయువులనే కొలుస్తుంది. ఈ ఆవిరిని కొలవదు. అంటే సర్టిఫికెట్టు ఉన్న కారు కూడ కాలనీలో నిలిపిన చోటనే విషం వెదజల్లవచ్చు. పెట్రోలు ఆవిరిలో క్యాన్సరు కారకమైన బెంజీను ఉంటుంది. వేసవి ఎండలో ఆ ఆవిరి, వాహనాల పొగలోని నైట్రోజను ఆక్సైడులతో కలిసి నేలమట్టపు ఓజోను ఏర్పడడానికి తోడ్పడుతుంది. పిల్లలు ఆడుకొనేది ఆ కార్ల మధ్యనే. కనుక పెట్రోలు వాసన వస్తే, ఇంజను వణకినా వణకకపోయినా, ఈ చిన్న కవాటాన్ని పరీక్షింపజేయవలసిందిగా పాఠక సోదర సోదరీమణులను కోరుచున్నాము.